యాభై ఏడు, యాభై ఎనిమిది

ఓడ కంపెనీ చెప్పిన తలుపు వెడల్పు
యాభై ఏడు సెంటీమీటర్లు.
టేపు పట్టుకుని ఎన్నిసార్లు కొలిచినా
గ్లాడిస్ యాభై ఎనిమిది.

గ్లాడిస్ అంటే మా నెస్టా అత్త స్కూటరు.
ఎర్రది, నాలుగు చక్రాలు, ముందు వైరుబుట్ట.
తోడికోడలి పేరు పెట్టుకుంది దానికి,
"అదీ ఇంతే, చచ్చినా వెనక్కి తగ్గేది కాదు" అని.

వెడల్పు తలుపుల గదులు
రెండేళ్ల ముందే అయిపోతాయట.
ఫోన్లో అమ్మాయి తియ్యగా చెప్పింది.
ఎనభై ఆరేళ్ల మనిషికి రెండేళ్లంటే ఎంతో
ఆ పిల్లకి తెలియదు. నేనూ చెప్పలేదు.

అందుకని రోజూ రాత్రి
నడవాలో మోకాళ్ల మీద కూర్చుని
కుడి చేతిపట్టె మర విప్పుతాను.
అత్త గోడ పట్టుకుని నిలబడి అజమాయిషీ చేస్తుంది:
"అటు కాదే, ఇటు. మీ నాన్నా ఇంతే."
బయట వదిలేయడానికి లేదు,
నిప్పంటుకుంటే దారికి అడ్డమట.
గదిలో ప్లగ్గు ఒక్కటే.
గ్లాడిస్ కడుపు నిండేదాకా
నా తల తడిగానే ఉంటుంది.

స్వాన్సీ రేవు క్యాంటీన్లో ముప్పై ఎనిమిదేళ్లు
ఓడ దిగినవాళ్లకి టీ పోసింది.
నార్వేవాళ్లకి చక్కెర చాలదనీ
గ్రీకులు కప్పు వెనక్కివ్వరనీ
దేశాలన్నీ ఆమెకి అలాగే తెలుసు.
ఇక్కడి టీ ఒక్క గుక్క తాగి
"చుట్టూ ఇన్ని నీళ్లు చాలవా,
కప్పులో కూడానా?" అంది.

నాలుగో రోజు ఓడ ఒడ్డుకు చేరలేదు.
రెండు కొండల మధ్య నల్లటి నీళ్లలో లంగరేసింది.
ఊళ్లోకి చిన్న పడవల్లో పోవాలి.
మెట్టుకీ పడవకీ నడుమ ఒక అడుగు ఎడం,
ఆ అడుగు ఊపిరి పీల్చినట్టు లేస్తుంది, పడుతుంది.
జొవెన్సియో అనే ఫిలిప్పీన్స్ కుర్రాడు
వాళ్ల అమ్మమ్మ ముందు వంగినట్టు వంగి
"బండి రాదమ్మా. మీరు రెండడుగులు వేయగలిగితే..." అన్నాడు.

అత్త నీళ్ల వంక చూసింది. మోకాళ్ల వంక చూసింది.
"రెండడుగులు వేసేదాన్నైతే
దీన్నెందుకు మేపుతాను నాయనా?"

నాతో మాత్రం, "నువ్వు పో.
ఒడ్డున నిలబడి ఇటు చూడు.
పై డెక్కు, ఎడమ చివర. లైటు వేస్తూ ఉంటా."

పోయాను.
పోకూడదనిపించింది. పోయాక హాయిగా ఉంది,
అదే చెప్పడానికి కష్టంగా ఉంది.
నాలుగు రోజుల తర్వాత నా నడక నేను నడిచాను.
బల్ల మీద పెట్టి ఎవరో చెర్రీలు అమ్ముతుంటే కొన్నాను.
జలపాతం దాకా ఎక్కాను.
అక్కడ గుర్తొచ్చింది.

పరుగెత్తుకుంటూ దిగాను.
ఓడ తెల్లగా, ఓ పేట పేటంతా తేలుతున్నట్టు.
పద్నాలుగు అంతస్తుల మీద ఎండ.
ప్రతి అద్దమూ లైటు వేస్తోంది.
ఏది మా అత్తో తెలియక
అన్నిటికీ చెయ్యి ఊపాను.

తిరిగొచ్చేసరికి గ్లాడిస్ ఉలకదు, పలకదు.
బ్యాటరీ అంతా లైటుకే పోసేసింది,
మూడు గంటలు, ఆపకుండా.
"కనపడిందా?"
"ఆ, కనపడింది."
"అబద్ధం. కుడివైపుకి ఊపావు."
ఎవరిదో దుర్భిణి ఆమె మెడలో వేలాడుతోంది.

కింద మీట తిప్పి చక్రాలు వదులు చేశాను.
తివాచీ పరిచిన ఆ నడవా పొడుగునా
గ్లాడిస్‌నీ, గ్లాడిస్ మీద అత్తనీ తోసుకుంటూ పోయాను.
ఒక చేతిలో స్టీరింగు, ఒక చేతిలో చెర్రీలు.
"ఎడమకి. ఎడమకే. నెమ్మది."

గది ముందు అలవాటుగా మోకాళ్ల మీద కూర్చున్నాను.
చేతిపట్టె లేదు.
వైరుబుట్టలో ఉంది, పక్కనే వెన్న కత్తి.
కమ్మీల మీదికి వంగబోతే అడ్డమొచ్చిందట.
"మర?"
"సముద్రంలో," అంది, గింజ ఉమ్మి.

తోశాను.
గ్లాడిస్ ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది.